కాలిబాటకు ఎన్ని మార్కులు?

వేసవిలో అమెరికాలోని కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లివచ్చిన మన సంఘ పెద్దలు, ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ తీసి ఫోటోలు చూపిస్తుంటారు. సియాటిల్ చుట్టుపక్కల కొండలు, ఆకాశాన్నంటే చెట్లు, వాటి మధ్య సన్నటి మట్టి దారి. "ఈ వయసులో అంత ఎత్తు ఎలా ఎక్కారమ్మా?" అని అడిగితే, "దారి బాగుందండీ, ఎక్కడా కాలు జారలేదు" అంటారు.

ఆ దారిని ఎవరు బాగుచేశారో మనం అడగం. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, ఈ కొండ మీది దారికి మరమ్మతు చేసి పక్క లోయలోని దారిని ఎందుకు వదిలేశారో అంతకన్నా అడగం. వాటికి జవాబు ఒక కాగితం మీద ఉంటుంది. ఆ కాగితం పేరు మార్కుల పట్టిక. ఏ దారికి ఎన్ని మార్కులు వచ్చాయో చూసి, ఎక్కువ వచ్చిన దానికి ముందు డబ్బిస్తారు.

ఈ వారం ఆ పట్టిక గురించి రాయడానికి కారణం ఉంది. అమెరికాలో కాలిబాటలకు కేంద్ర నిధులిచ్చే ముఖ్యమైన పథకానికి ఆధారమైన రవాణా చట్టం గడువు 2026 సెప్టెంబరు 30తో ముగుస్తుంది. జాతీయ పార్కుల్లో, అడవుల్లో పేరుకుపోయిన మరమ్మతుల కోసం 2020లో పెట్టిన మరో నిధికి కేటాయింపులు 2025 ఆర్థిక సంవత్సరం వరకే ఇచ్చారు. దాన్ని కొనసాగించాలని కాంగ్రెస్‌లో బిల్లులు పెట్టారు. ఎంత డబ్బు అన్న చర్చ అక్కడ గట్టిగానే జరుగుతోంది. ఆ డబ్బును ఏ త్రాసుతో తూచి పంచుతారన్న చర్చ మాత్రం తక్కువ. మా దృష్టిలో అసలు విషయం ఆ త్రాసే.

డబ్బు ఎక్కడిది?

పెట్రోలు మీద అమెరికా కేంద్ర ప్రభుత్వం గ్యాలన్‌కు 18.4 సెంట్ల పన్ను వేస్తుంది. 1993 నుంచి అదే రేటు. ఆ పన్ను రోడ్ల కోసం. అయితే రోడ్డెక్కకుండా అడవి దారుల్లో తిరిగే బైకులు, మంచు మీద నడిచే స్నోమొబైళ్లు వాడే పెట్రోలు మీద కూడా అదే పన్ను పడుతుంది. రోడ్డు వాడనివాళ్ల పన్ను రోడ్డుకెందుకు, దారులకే ఇవ్వండి అన్న న్యాయమైన వాదనతో 1991లో కాలిబాటల నిధి పుట్టింది. నేడు దాన్ని రిక్రియేషనల్ ట్రైల్స్ ప్రోగ్రామ్ అంటారు. ఏటా సుమారు 8.4 కోట్ల డాలర్లు రాష్ట్రాలకు అందుతాయి. రోడ్డెక్కని ఆ వాహనాల నుంచి ఏటా వసూలయ్యే పన్ను సుమారు 28 కోట్ల డాలర్లని కేంద్ర హైవే శాఖ 2021లో అంచనా వేసింది. అంటే దారుల పేరిట వసూలైన దానిలో మూడో వంతు కూడా దారులకు చేరడం లేదు.

చేరిన దానిలో కూడా చట్టమే ముందుగా వాటాలు వేసింది. 30 శాతం మోటారు బండ్ల దారులకు, 30 శాతం నడిచేవాళ్ల, సైకిళ్ల, గుర్రాల దారులకు, 40 శాతం పలురకాలవాళ్లు కలిసి వాడుకునే దారులకు. పైగా ప్రతి రాష్ట్రంలో ఒక సలహా కమిటీ ఉండాలి, అందులో మోటారు బండ్లవాళ్లూ నడిచేవాళ్లూ ఇద్దరూ కూర్చోవాలి, ఏడాదికి ఒక్కసారైనా సమావేశం కావాలి. లేకపోతే ఆ రాష్ట్రానికి డబ్బు పొందే అర్హతే ఉండదు. ఈ నియమాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఇక అవసరం ఎంత? అమెరికా అటవీ శాఖ చేతిలో ఉన్న కాలిబాటలే 1,58,000 మైళ్లు. వాటిలో 2012లో నాలుగో వంతు మాత్రమే శాఖ పెట్టుకున్న ప్రమాణాలకు తగ్గట్టు ఉన్నాయని ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2013 నివేదికలో తేల్చింది. పేరుకుపోయిన మరమ్మతుల విలువ అప్పటికే 31.4 కోట్ల డాలర్లు. ఆ తర్వాత స్వచ్ఛంద సేవకుల సంఖ్యను పెంచాలని 2016లో చట్టం చేశారు. 2020 చట్టం పార్కులు, అడవులన్నిటికీ కలిపి ఏడాదికి 190 కోట్ల డాలర్ల దాకా ఇచ్చింది. అందులో అటవీ శాఖ వాటా 15 శాతం, అదీ భవనాలు, రోడ్లు, వంతెనలు, దారులు అన్నిటికీ కలిపి. మరోవైపు 2025 ఫిబ్రవరిలో అదే శాఖలో ప్రొబేషన్‌లో ఉన్న సుమారు 2,000 మందిని ఇంటికి పంపారు. పని కొండంత, చేతులు కొన్ని. అలాంటప్పుడు ముందు ఏది, తర్వాత ఏది అని ఎవరో ఒకరు తేల్చక తప్పదు.

మార్కులు వేయడం మంచిదే

ముందే ఒక మాట చెప్పాలి. మేము మార్కుల పద్ధతికి వ్యతిరేకులం కాము. పట్టిక లేని చోట పలుకుబడి ఉంటుంది. ఎమ్మెల్యేకు దగ్గరివాడి ఊరికి రోడ్డు, దూరమైనవాడి ఊరికి దుమ్ము దక్కడం మనకు కొత్త కాదు.

వాషింగ్టన్ రాష్ట్రాన్ని తీసుకుందాం. మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్న చోటు. అక్కడ 1964లో ప్రజలు స్వయంగా ఓటు వేసి ఒక పద్ధతి తెచ్చుకున్నారు. నేడు రిక్రియేషన్ అండ్ కన్సర్వేషన్ ఆఫీసు అనే సంస్థ దాన్ని నడుపుతోంది. ఊళ్లు, కౌంటీలు, అటవీ విభాగాలు, స్వచ్ఛంద సంఘాలు దరఖాస్తు పెడతాయి. జీతం లేని సలహా కమిటీ సభ్యులు వాటిని చదివి, ప్రశ్నలడిగి, ముందే ప్రకటించిన అంశాల వారీగా మార్కులేస్తారు. మార్కుల వరుస ప్రకారం జాబితా తయారై బోర్డు ముందుకు వెళుతుంది. ఏ అంశానికి ఎన్ని మార్కులో దరఖాస్తు పెట్టకముందే ఎవరైనా చదువుకోవచ్చు. ఓడిపోయినవాడికి కూడా తాను ఎక్కడ ఓడిపోయాడో తెలుస్తుంది. ఇది చిన్న విషయం కాదు.

అయితే త్రాసు అబద్ధం చెప్పకపోయినా, దేన్ని తూచాలో, దేనికి ఎంత బరువివ్వాలో నిర్ణయించేది మనిషే. చిక్కు అక్కడ మొదలవుతుంది.

రెండు దారులు, ఒక పట్టిక

ఒక ఉదాహరణ ఊహించి చూద్దాం. నగరం పక్కన మూడు మైళ్ల దారి ఒకటి. తారు పగిలింది, అంచులు కుంగాయి, కానీ రోజూ వందలమంది నడుస్తారు. నగరపాలక సంస్థకు సొంత ఇంజినీరు ఉన్నాడు, దరఖాస్తులు రాయడానికి ఒక ఉద్యోగి ఉన్నాడు, తన వాటా డబ్బు బ్యాంకులో సిద్ధంగా ఉంది.

రెండోది కొండల్లో ఎనిమిది మైళ్ల దారి. వరదకు కల్వర్టు కొట్టుకుపోయింది. వాన పడ్డప్పుడల్లా దారి మీది మట్టి కింద వాగులోకి దిగి, సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్లను కప్పేస్తోంది. వారానికి పదిమంది వస్తే ఎక్కువ. దాన్ని చూసుకునే కార్యాలయంలో ముగ్గురే మనుషులు.

ఇప్పుడు వందకు మార్కులు. అవసరం 20, పనికి సిద్ధంగా ఉండటం 20, సొంత వాటా 15, వాడేవాళ్ల సంఖ్య 20, నీటికీ జీవాలకూ మేలు 15, తర్వాతి నిర్వహణ 10. నగరపు దారికి వరుసగా 14, 18, 15, 19, 5, 8 వచ్చాయనుకోండి. మొత్తం 79. కొండదారికి 19, 10, 3, 6, 14, 5. మొత్తం 57. ఇరవై రెండు మార్కుల తేడా. ఎవరూ పక్షపాతం చూపలేదు. ఎవరూ లంచం తినలేదు. కొండదారి ఓడిపోయింది.

ఇప్పుడు పని మీద ఇచ్చిన అంచనాలు ఏవీ మార్చకుండా బరువులు మాత్రం మారుద్దాం. అవసరం 30, నీటికీ జీవాలకూ మేలు 25, సిద్ధంగా ఉండటం 15, వాడేవాళ్లు 15, సొంత వాటా 5, నిర్వహణ 10. అదే నిష్పత్తిలో లెక్కవేస్తే నగరపు దారికి 70, కొండదారికి 70. తేడా దాదాపు మాయమైంది. దారులు మారలేదు, నిజాలు మారలేదు, మార్కులేసినవాళ్లు కూడా మారలేదు. తీర్పు మాత్రం మారింది.

ఇవి మేము కల్పించిన అంకెలు. కానీ మొగ్గు నిజమైనదే. జనానికి దగ్గరగా ఉన్న చోట్లకు ప్రాధాన్యమివ్వాలని వాషింగ్టన్ రాష్ట్ర చట్టమే చెబుతుంది. దానికి కారణమూ ఉంది. కారు లేని పేదవాడికి, బస్సు దిగి నడిచి వెళ్లగల పార్కు కావాలి. అతనికి కొండల్లోని దారి చంద్రుడంత దూరం. కాబట్టి నగరపు దారి గెలిస్తే ప్రతిసారీ అన్యాయం జరిగినట్టు కాదు. ఎవరి మేలు కోసం ఏ బరువు పెట్టామో తెలిసి పెట్టాలన్నదే మా మాట.

సొంత వాటా అనే గుమ్మం

పట్టికలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది సొంత వాటా అంశం. కాలిబాటల నిధిలో కేంద్రం సాధారణంగా 80 శాతం ఇస్తుంది, మిగతాది దరఖాస్తు పెట్టినవాళ్లు తేవాలి. 1965 నుంచి నడుస్తున్న భూమి, నీటి సంరక్షణ నిధిలో రాష్ట్రాల ద్వారా ఇచ్చే గ్రాంటుకైతే సగం తేవాలి. చాలా చోట్ల తప్పనిసరి కంటే ఎక్కువ తెచ్చినవాళ్లకు అదనపు మార్కులు కూడా ఉంటాయి.

దీని వెనుక ఉద్దేశం మంచిదే. సొంత చెయ్యి పడితే శ్రద్ధ ఉంటుంది. కానీ ఉన్నవాడికి ఇది మెట్టు, లేనివాడికి ఇదే గోడ. మ్యాచింగ్ గ్రాంటు కట్టలేక మంజూరైన పనిని వదులుకున్న పంచాయతీలు మన దగ్గరా ఉన్నాయి. ఈ సంగతి పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు.

డబ్బుకు బదులు శ్రమను లెక్కలోకి తీసుకునే వెసులుబాటు ఉంది. 2023 సంవత్సరానికి స్వచ్ఛంద సేవకుడి ఒక గంట విలువను అమెరికాలో 33.49 డాలర్లుగా లెక్కగట్టారు. ఇరవైమంది ఒక శనివారం ఎనిమిది గంటలు పార పట్టుకుంటే 160 గంటలు, సుమారు 5,358 డాలర్లు. చేతి పనిని కానుకగా లెక్కించే ఈ పద్ధతి మాకు నచ్చింది. కానీ అక్కడా ఒక మెలిక ఉంది. శనివారం ఖాళీగా ఉండగలిగేది ఎవరు? రెండు ఉద్యోగాలు చేసుకుంటే తప్ప ఇల్లు గడవని ఊళ్లో ఇరవైమంది సేవకులు దొరకరు. సేవ చేసే మనసు లేక కాదు, వెసులుబాటు లేక.

వాషింగ్టన్ రాష్ట్రం ఈ గోడను కొంత తగ్గించింది. వెనుకబడిన ప్రాంతాలకు సొంత వాటాను తగ్గించేందుకు 2016లో చట్టాన్ని సవరించింది. పట్టికను నడిపేవాళ్లే పట్టిక తప్పును ఒప్పుకుని దిద్దుకున్నారు. ఇది మెచ్చుకోవలసిన పని.

శిలాఫలకం లేని పని

మరో మొగ్గు ఉంది. అది ఇంకా లోతైనది, మనందరిలోనూ ఉన్నది. కొత్తదానికి ఉండే ఆకర్షణ మరమ్మతుకు ఉండదు.

కాలిబాటను చంపేది నడిచే కాళ్ల కన్నా నీళ్లే. దారి వాలు కొండ వాలులో సగానికి మించకూడదని దారులు వేసేవాళ్లు ఒక సూత్రం చెబుతారు. మించితే వాన నీరు పక్కకు పోకుండా దారి వెంటే పరుగెత్తి దాన్ని కాలువగా మారుస్తుంది. దీనికి మందు చిన్నదే. నీటిని పక్కకు మళ్లించే అడ్డుదుంగలు, రాళ్లు, చిన్న పల్లాలు. ఏటా ఒకసారి వెళ్లి వాటిలో నిండిన మట్టిని పారతో తీసేయాలి. ఏళ్ల తరబడి తీయకపోతే ఆ దారికి పెద్ద పని పడుతుంది.

ఆ పారపనికి ఎవరు మార్కులేస్తారు? భూమి, నీటి సంరక్షణ నిధిని రోజువారీ నిర్వహణకు వాడకూడదు. 2020 చట్టం ఇచ్చింది వాయిదా పడి పేరుకుపోయిన మరమ్మతులకు. ఏటా శ్రద్ధగా పారపని చేసుకున్న విభాగానికి పేరుకున్న మరమ్మతు ఉండదు, కాబట్టి చూపించడానికి ఏమీ ఉండదు. వదిలేసినవాడి దగ్గర పెద్ద జాబితా ఉంటుంది. ఇంటి దగ్గరే ఉండి పొలం చూసుకున్న పెద్ద కొడుకు ఫిర్యాదు లాంటిదే ఇది. కాలిబాటల నిధి మాత్రం, ఉన్న దారుల నిర్వహణను, పునరుద్ధరణను స్పష్టంగా అనుమతిస్తుంది. ఆ నిధి గడువు తీరకుండా చూడాలని మేము కోరడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ విషయంలో రాయి విసిరే అర్హత మాకు తక్కువ. కొన్నేళ్ల క్రితం మాకు తెలిసిన ఒక సంఘంలో రెండు పనులు కమిటీ ముందుకొచ్చాయి. ఒకటి, మందిరం ముందు కొత్త ఆర్చి. రెండు, వెనుక వైపు సండే స్కూలు గది పైకప్పు కారుతోంది, దాని మరమ్మతు. ఆర్చికి దాత దొరికాడు, ఎందుకంటే దాని మీద పేరు చెక్కుతారు. పైకప్పుకు ఎవరూ ముందుకు రాలేదు. ఆ కమిటీలో మేమూ ఉన్నాం. ఆర్చికే చెయ్యెత్తాం. ఆ వానాకాలమంతా పిల్లలు వరండాలో కూర్చుని వాక్యం నేర్చుకున్నారు. మా దగ్గర పట్టిక లేదు కానీ బరువులు ఉన్నాయి. వాటిని మేము కాగితం మీద రాసుకోలేదు, అంతే తేడా.

త్రాసు ఎవరి చేతిలో?

మరి బరువులు సరిచేసేది ఎలా? లెక్కలు తెలిసినవాళ్లు ఇంకా పెద్ద పట్టిక తయారుచేస్తే సరిపోతుందా? చాలదని మేము అనుకుంటున్నాం.

ఆది సంఘంలో వచ్చిన మొదటి పంపకాల తగాదా అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో ఉంది. రోజూ పంచే ఆహారంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారన్న సణుగుడు వచ్చింది. అపొస్తలులు దాన్ని అణచలేదు. మంచిపేరున్న ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నష్టపోయినవాళ్ల భాష తెలిసినవాళ్ల చేతికే వడ్డించే గరిట ఇచ్చారు.

ముందు గుర్తుంచుకోమన్న నియమం ఇక్కడ పనికొస్తుంది. కాలిబాటల చట్టం సలహా కమిటీలో ఇరుపక్షాలనూ కూర్చోబెట్టింది. బైకువాడికి నడిచేవాడి బాధ, నడిచేవాడికి బైకువాడి బాధ తెలియకపోతే మార్కులు సరిగా పడవని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు. అదే బుద్ధిని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లాలి. దరఖాస్తు రాసే ఉద్యోగి లేని ఊరివాడు, ఆ అడవులు ఎవరి పూర్వీకులవో ఆ ఆదివాసీ తెగలవాడు, చక్రాల కుర్చీలో తిరిగేవాడు కూడా ఆ బల్ల దగ్గర ఉండాలి.

మా సూచనలు మూడే. ఒకటి, ఈ పని చేయకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు పట్టికలో పెద్ద బరువు ఉండాలి. రెండు, సొంత వాటాకు మార్కులు వేసేటప్పుడు ఎంత తెచ్చారన్నది కాక, ఉన్నదానిలో ఎంత తెచ్చారన్నది చూడాలి. కానుకల పెట్టె దగ్గర కూర్చున్న మన ప్రభువు రెండు కాసుల విధవరాలిని లెక్కించిన తీరు అదే. మూడు, చిన్న ఊళ్లకు దరఖాస్తు రాయడంలో సాయం చేయడం కూడా నిధిలో భాగం కావాలి. లేకపోతే మనం తూచేది దారిని కాదు, దరఖాస్తు రాసినవాడి ఇంగ్లీషును.

అమెరికాలోని మన పాఠకులకు ఒక మనవి. ఆ దారుల మీద మీ పిల్లలు నడుస్తున్నారు, ఆ పన్ను మీరు కడుతున్నారు. చాలా రాష్ట్రాల్లో ఈ పట్టికల మీద ప్రజల అభిప్రాయాలు అడుగుతారు, సలహా కమిటీలకు స్వచ్ఛంద సభ్యుల్ని పిలుస్తారు. ఓటు హక్కు ఉన్నవాళ్లు సెప్టెంబరు గడువు లోపల మీ కాంగ్రెస్ సభ్యుడికి ఒక ఉత్తరం రాయండి. సంఘ యవ్వనస్థులను ఏడాదికి ఒక శనివారం పార పట్టించి దారి పనికి తీసుకెళ్లండి.

ఇక్కడి పాఠకులకు ఇంకో మనవి. వచ్చే కమిటీ సమావేశంలో డబ్బు పంచే ముందు, మీరు చూసే అంశాలేమిటో, దేనికి ఎంత బరువో ఒక కాగితం మీద రాయండి. రాసిన కాగితాన్ని అందరికీ చూపించండి. తర్వాత, ఆ పంపకంలో ఏమీ దక్కని ఒకరిని పిలిచి అది చదివి వినిపించండి. అతని ముఖం చూస్తే మీ త్రాసు సంగతి తెలిసిపోతుంది.

యెషయా 58వ అధ్యాయంలో ప్రవక్త ఉపవాసం గురించి మాట్లాడుతూ, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టమని చెప్పి, చివరకు పాడైన త్రోవలను బాగుచేసేవాళ్లకు ఒక గౌరవమైన పేరు ఇస్తాడు. కొత్త దారి వేసినవాడికి కాదు, పాడైనదాన్ని మళ్లీ నడవదగినదిగా చేసినవాడికి. ఆ పనికి శిలాఫలకం ఉండదు. కనీసం మార్కులైనా ఉండాలి.